ఈరమ్మ ఎడమకాలు

మానవపాడు దాటి తుంగభద్ర వైపు పోయే రోడ్డు మీద, సీడుపత్తి చేల నడుమ ఉన్న ఓ చిన్న ఊళ్ళో ఈరమ్మ ఎడమకాలికి ఉన్న మర్యాద సర్పంచ్‌కు కూడా లేదు. సర్పంచ్‌లు వస్తుంటారు, పోతుంటారు. ఈ కాలు మాత్రం ఈరమ్మ పుట్టిన నాటినుంచీ పదవిలోనే ఉంది.

అసలు ఆమె పుట్టుకలోనే కాలు ముందు, తల వెనక. తల్లి కడుపులోంచి ఎదురుకాళ్ళతో వచ్చింది. మంత్రసాని జడుసుకుందట, తల్లి చచ్చి బతికిందట. కానీ పిల్ల బయటపడి కేరుమనగానే ఊరంతా సంబరపడింది. ఎదురుకాళ్ళతో పుట్టినవాళ్ళ కాలు తగిలితే నడుంపట్టు, మెడపట్టు వదిలిపోతాయని కృష్ణా తుంగభద్రల నడుమ ఉన్న ఆ నడిగడ్డ ఊళ్ళలో గట్టి నమ్మకం. అందుకే ఈరమ్మకు నడక రాకముందే వైద్యం వచ్చేసింది. పక్కింటివాళ్ళు చంటిపిల్లను ఎత్తుకుపోయి బోర్లా పడుకున్న తాత నడుం మీద నిలబెట్టేవారు. ఓసారి ఆ పిల్ల నిలబడ్డచోటే తాత నడుం తడిపేసిందనీ, దాంతో ఆయన పట్టు వదిలి ఎగిరి లేచాడనీ ఇప్పటికీ చెప్పుకుని నవ్వుకుంటారు.

పెద్దయ్యాక ఆ వైద్యానికి పద్ధతులు ఏర్పడ్డాయి. తెల్లవారుతుండగా రావాలి, పరగడుపున రావాలి. గడప ముందు బోర్లా పడుకోవాలి. ఈరమ్మ ముఖమైనా కడగకుండా వచ్చి ఎడమకాలితో పట్టు ఉన్నచోట మూడుమార్లు తట్టేది. తన్నడం అని అందరూ అంటారు గానీ అది తన్నూ కాదు, తొక్కుడూ కాదు. పసిపిల్లను నిద్రపుచ్చేటప్పుడు చేత్తో తడతారే, ఆమె కాలితో అంత మెత్తగా తట్టేది. తట్టి, "పోయిందా?" అని అడిగేది. పడుకున్నవాళ్ళు లేచి "పోయింది" అని చెప్పి, వెనక్కి తిరిగి చూడకుండా వెళ్ళిపోవాలి.

ఆ మాట తప్పనిసరిగా చెప్పాలి. ఎందుకంటే పట్టు వదలలేదని ఎవరైనా నోరుజారితే, ఆ పట్టు వచ్చి తట్టిన కాలికే పడుతుందని ఈరమ్మ వాళ్ళమ్మ చెప్పిపోయింది. ఊళ్ళో అందరికీ ఆ సంగతి తెలుసు. ఇన్నేళ్ళలో ఒక్కరంటే ఒక్కరు కూడా ఆ గడప మీద "పోలేదు" అనలేదు. తన కాలికి అంత గొప్ప గుణం ఉందని ఈరమ్మకు కొంచెం గర్వంగానే ఉండేది. ఉండదా మరి? పగలంతా అందరితోపాటు ఎండలో మాడే కూలి మనిషే. తెల్లవారి ఆ కాసేపు మాత్రం ఆమె డాక్టరమ్మ.

ఆ పనికి ఎవరి దగ్గరా ఏమీ పుచ్చుకునేది కాదు. పుచ్చుకుంటే కాలి గుణం పోతుందట. మర్యాద మాత్రం కాదనకుండా పుచ్చుకునేది. ఆటోలో ఆమెకు ముందు చోటు దొరికేది, పెళ్ళిలో ముందు విస్తరి పడేది. మొగుడు చిన్నవయసులోనే పోతే, కొడుకు చైతన్యను చంకనేసుకుని పూణె పోయి ఇటుకలు మోసింది. ఆ పనిచోట కూడా పాలమూరు కూలీలు తెల్లారగానే వరసకట్టి బోర్లా పడుకునేవారని ఆమె గొప్పగా చెప్పుకునేది. సీడుపత్తి పనులు ఊళ్ళోనే దొరకడం మొదలయ్యాక తిరిగొచ్చి మళ్ళీ తన గడప మీద కూర్చుంది.

విత్తనం కోసం పండించే సీడుపత్తి పని మామూలు పత్తిపని కాదు. అక్కడ పువ్వుకూ పువ్వుకూ మనిషే పెళ్ళి చేయాలి. మధ్యాహ్నం పూట రేపు విచ్చబోయే మొగ్గను వెతికి, గోటితో దాని రేకులూ పుప్పొడీ తీసేయాలి. మర్నాడు పొద్దున మగచెట్ల పూలు కోసుకొచ్చి ఒక్కొక్క దానికీ రుద్దాలి. దాన్ని అందరూ క్రాసింగ్ అంటారు. వాన వెలిసిన నెలల్లో నడిగడ్డ మొత్తం ఆ చెట్ల మీదికి వంగి ఉంటుంది. వంగిన మెడ వంగినట్టే పట్టేస్తుంది. ఈరమ్మ గడపకు గిరాకీ ఎక్కువగా ఉండేది కూడా ఆ నెలల్లోనే.

కృప ఆ ఇంటికి వచ్చిందీ క్రాసింగ్ పుణ్యానే. పెబ్బేరు దగ్గరి ఊరి పిల్ల. తల్లి కాంతమ్మతో కలిసి కూలికొచ్చి, చైతన్య పనిచేసే చేలోనే ఓ సీజనంతా పూలు రుద్దింది. పూలకు పెళ్ళిళ్ళు చేస్తూ చేస్తూ వీళ్ళు కూడా ఒకటయ్యారు. వాళ్ళది చర్చికి పోయే ఇల్లు, వీళ్ళది జములమ్మకు మొక్కే ఇల్లు. ఈరమ్మకు అదేం పెద్ద అడ్డుగా కనిపించలేదు. "పిల్ల నా కాలును లెక్కచేస్తదా లేదా" అన్నదొక్కటే ఆమె బాధ.

కృప లెక్కచేసింది. అత్త గడప మీదికి వచ్చే వేళకు వాకిలి ఊడ్చి, చాప పరిచి, తను పక్కకు తప్పుకునేది. ఆ పిల్ల నోట 'కాదు' అన్న మాట రావడం ఈరమ్మ ఎన్నడూ వినలేదు. అన్నం మాడినా బాగుందనేది, చీర నచ్చకపోయినా కట్టుకునేది. కూతుళ్ళు లేని ఈరమ్మకు ఆ పిల్ల మీద ప్రాణం పెట్టేంత ప్రేమ పుట్టింది. చేపల పులుసు వండిన రోజు తలకాయ ముక్క కొడుక్కి వేయకుండా కోడలి కోసం దాచేది. చేలో కృప చర్చి పాటలు గొంతులోనే పాడుకుంటుంటే, పక్క సాలులో ఉన్న ఈరమ్మ తనకు తెలియకుండానే వంత పాడేది. తర్వాత నాలుక కరుచుకుని జములమ్మకు దండం పెట్టుకునేది.

పెళ్ళయిన మరుసటేడు క్రాసింగ్ ముమ్మరంగా ఉన్న రోజుల్లో కృపకు తలనొప్పి మొదలైంది. సాయంత్రమయ్యేసరికి ఒళ్ళు కాస్త వెచ్చబడేది. తిండి తగ్గింది. ఓ రోజు చేలోనే వాంతి చేసుకుంటే ఈరమ్మ ముఖం మతాబులా వెలిగింది. మరునాడే ఆశా కార్యకర్త దగ్గరినుంచి కడుపు పరీక్ష పట్టీ తెప్పించి చేయించింది. అది కాదని తేలాక ఈరమ్మ రెండ్రోజులు ముభావంగా తిరిగింది గానీ, మరి వాంతి ఎందుకైందన్న ప్రశ్న ఆమెకూ తట్టలేదు, ఇంకెవరికీ తట్టలేదు. ఊళ్ళో సూదులేసే మనిషి గోలీలిచ్చాడు. వేసుకున్నంతసేపు తగ్గేది, మళ్ళీ వచ్చేది.

అంతలో మెడ పట్టేసింది. ఇక అందరికీ సంగతి అర్థమైపోయింది! ఇంకేముంది, మొగ్గల మీదికి వంగి వంగి మెడ పట్టింది, మెడపట్టుతో తల నొస్తోంది. దగ్గు లేదు, దెబ్బ లేదు. ఈ పిల్లకు వేరే జబ్బు ఎందుకుంటుంది? పక్కింటి పెంటమ్మ అయితే నడిబజారులోనే దులిపేసింది.

"ఏం ఈరక్కా, ఇంట్లనే దవాఖాన పెట్టుకొని కోడలికి గోలీలు మింగిపిస్తున్నవేంది? ఊరందరికీ లేపే కాలు, ఇంటి పిల్లకు లేపవా?"

కోడలి మీద కాలు పెట్టడానికి ఈరమ్మకే మనసొప్పక ఆగింది. పెంటమ్మ మాటతో పౌరుషం వచ్చింది. మర్నాడు తెల్లవారుతుండగా కృప చాప పరిచింది. రోజూలా పక్కకు తప్పుకోకుండా ఆ చాప మీద తనే బోర్లా పడుకుంది. ఈరమ్మ జములమ్మను తలుచుకుని, కాలిని ఎన్నడూ లేనంత మెత్తగా చేసుకుని మెడ కింద మూడుమార్లు తట్టింది.

"పోయిందా బిడ్డా?"

కృప లేచి కూర్చుంది. ఒక్క క్షణం ఆగి, "పోయింది అత్తమ్మా" అంది.

అని, వెనక్కి చూడకుండా ఇంట్లోకి నడిచింది. ఆ పిల్ల పొడగరి. వీళ్ళ ద్వారబంధం పొట్టిది. రోజూ తల వంచి లోపలికి పోయేది. ఆ వేళ తల వంచలేదు. మోకాళ్ళు వంచి, తల నిటారుగానే ఉంచుకుని ద్వారం దాటింది. ఈరమ్మ అది చూసింది. చూసి, మెడపట్టు ఎంత బాగా వదిలిందో, పిల్ల ఎంత ఠీవిగా నడుస్తోందో అని మురిసిపోయింది. ఆ పొద్దున నల్లా దగ్గర బిందె నిండేలోగా ఆ కబురు వాడంతా చేరవేసింది.

"చర్చికి వోయే పిల్ల మెడ గూడ ఇన్నది, నా కాలు మాట" అంది నవ్వుతూ.

ఆ తర్వాత కృప తలనొప్పి మాట ఎత్తలేదు. తలకు తువ్వాలు బిగించి కట్టుకుని చేనికి పోయేది. ఎండకు కట్టుకుందనుకున్నారు. నడుస్తూ నడుస్తూ ఓ చెట్టును పట్టుకుని నిలబడిపోయేది. అలిసిందనుకున్నారు. ఓ పొద్దున మగపూలు దోసిట్లో పట్టుకుని, చెట్టు ముందు నిలబడి, ఏం చేయాలో మరిచిపోయినదానిలా చూస్తుండిపోయింది. చైతన్య పిలిస్తే అతన్ని "అన్నా" అంది. అతను ఎగతాళి చేస్తుందనుకుని నవ్వాడు. మర్నాడు పొద్దున నిద్ర లేపితే కళ్ళు తెరిచింది గానీ, ఒక కన్ను ముక్కువైపు తిరిగిపోయి ఉంది. చైతన్య నవ్వు ఆ కన్ను దగ్గరే ఆగిపోయింది.

ఆటో వెంకటన్న మనిషిని చూడగానే, "గద్వాల గిద్వాల వద్దు, తిన్నగ కర్నూలు పోదాం పాండ్రి" అని ఆటో తిప్పాడు. తుంగభద్ర వంతెన మీద గాలికి కృప జుట్టు ముఖం మీద పడుతోంది. ఈరమ్మ ఆమె తలను ఒళ్ళో పెట్టుకుని, ఒక్కో గతుకుకూ ఆ పిల్ల పళ్ళు బిగించడం చూస్తూ కూర్చుంది. పోయిన నొప్పి మళ్ళీ ఎట్లా వచ్చిందో ఆమెకు అంతుపట్టలేదు.

కర్నూలు పెద్దాసుపత్రిలో ఓ చిన్న వయసు డాక్టరమ్మ చూసింది. ఆమె కృప తల కింద చేయి పెట్టి, గడ్డాన్ని ఛాతీ వైపు వంచబోయింది. మెడ వంగలేదు. తలతోపాటు భుజాలు కూడా బల్లచెక్కలా పైకి లేచాయి. ఎన్నో మెడలు తట్టిన ఈరమ్మ, ఏ మెడా అట్లా లేవడం చూడలేదు. కోడలు ఆనాడు ద్వారం దగ్గర మోకాళ్ళు ఎందుకు వంచిందో అప్పుడు అర్థమైంది.

స్కానింగ్ అయ్యాక డాక్టరమ్మ వాళ్ళను కూర్చోబెట్టి నెమ్మదిగా చెప్పింది.

"మెదడు చుట్టూ పొరలుంటాయమ్మా. ఆ పొరలకు జబ్బు చేసింది. ఏదో క్రిమి చేరింది. అది ఏ క్రిమో తెలియాలంటే నడుములోంచి కాస్త నీళ్ళు తీసి చూడాలి. మెదడు చుట్టూ ఉండే నీళ్ళే వెన్నులో కూడా ఉంటాయి. మీరు సరేనంటే వెంటనే తీస్తాం."

నడుములోంచి నీళ్ళు అనగానే ముగ్గురి ముఖాలూ మాడిపోయాయి. అప్పటికే పెబ్బేరు నుంచి కాంతమ్మ బైబిలు సంచితో వచ్చి చేరింది. ఆమె కూతురి కాళ్ళను రెండు చేతులా పట్టుకుంది.

"వద్దు వదినె, వద్దు. మా దిక్కు ఒకాయనకు గిట్లనే నడుముల సూది పొడిసిండ్రు. మనిషి మల్ల లేవలే. రెండు కాళ్ళు పడిపోయినయి. నా బిడ్డ నడుముకు సూది వద్దు" అంది.

"ఆయన కాళ్ళు సూది వల్ల పోయి ఉండవమ్మా, జబ్బు వల్ల పోయి ఉంటాయి. ఈ జబ్బు ముదిరితే ఏదైనా చేస్తుంది" అంది డాక్టరమ్మ. "మందులు ఇప్పుడే మొదలుపెడుతున్నాం. కానీ అంచనాతో ఎంతసేపని వేస్తాం? ఏదో తెలిస్తే దానికే వేస్తాం. తొందరగా మాట్లాడుకుని చెప్పండి."

చైతన్య తల్లి వైపు తిరిగాడు. సంతకం పెట్టాల్సింది అతనే. కానీ ఇంట్లో నడుము సంగతి తల్లికి గాక ఇంకెవరికి తెలుసు?

"నువ్వు చెప్పమ్మా. నడుముల గురించి నీకు తెల్వంది ఏముంది? నువ్వు పెట్టమంటే పెడత, వద్దంటే ఇంటికి తోల్కపోదాం" అన్నాడు.

నడుమంటే ఈరమ్మకు కాలు మోపే చోటు. అదీ చెప్పులు విడిచి, దేవతను తలుచుకుని మోపే చోటు. దాంట్లోకి సూది దింపడమా? "వద్దనే అనిపిస్తుంది రా" అంది. అని, కోడలి మంచం దగ్గరికి పోయి కూర్చుంది.

కృప కళ్ళు మూసుకుని ఉంది. పెదవులు పగిలిపోయాయి. ఈరమ్మ తడిగుడ్డతో వాటిని అద్దుతూ, ఇంట్లో అడిగినట్టే అడిగింది.

"ఎట్లుందే బిడ్డా?"

ఆ గొంతు వినగానే కృప కనురెప్పలు కదిలాయి. లేవబోయినట్టు భుజం ఎత్తింది. ఎవరో గద్దించి అడిగినట్టు, తొందర తొందరగా అంది.

"పోయింది అత్తమ్మా. పోయింది."

ఈరమ్మ చేతిలో గుడ్డ ఆగిపోయింది. ఆ పిల్ల ఊరుకోలేదు. నొప్పికి నుదురు ముడుచుకుంటూ, చెమటలు కారుతూ, అదే మాట అంటూనే ఉంది. "పోయింది... పోయింది అత్తమ్మా..."

"ఏం పోయింది వదినె? ఏమంటుంది పిల్ల?" అని కాంతమ్మ దగ్గరికొచ్చింది. ఈరమ్మ చెప్పలేక చెప్పింది. చాప సంగతి, కాలు సంగతి, ఆ మాట చెప్పాల్సిన పద్ధతి సంగతి. కాంతమ్మ వింటూ వింటూ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"అయ్యో, గిదా సంగతి! ఫోన్ల నాతోని ఏడ్సింది వదినె. తలకాయ పగిలిపోతుందమ్మా, అత్తమ్మకు మాత్రం చెప్పకు అన్నది. తగ్గలేదని చెప్తే ఆమె కాలికి పడుతదంట, ఆమె కాలు పోతే ఎట్ల అన్నది. నేనేమో ప్రార్థన చెయ్యి బిడ్డా అన్న. నేనన్న ఒచ్చి సూడకపోతి" అని గోడకు తల ఆనించింది.

ఈరమ్మ కోడలి ముఖం వైపు తిరిగింది. ఈ పిల్లకు తన కాలి మీద నమ్మకం ఉందో లేదో అని కదా తను బాధపడింది! ఆ పిల్ల తన నొప్పిని పళ్ళ బిగువున దాచుకుని అత్త కాలిని కాపాడింది. తలకు తువ్వాలు బిగించింది ఎండకు కాదు. నల్లా దగ్గర తను నవ్వుతూ గొప్పలు చెప్పుకున్న పొద్దున కూడా ఆ పిల్ల తల పగిలిపోతూనే ఉంది. సిగ్గుతో, భయంతో, పట్టలేనంత ప్రేమతో ఈరమ్మకు ఏడుపు ముంచుకొచ్చింది. ఏడుస్తూనే కోడలి చెవి దగ్గరికి వంగింది.

"పోలే అను బిడ్డా. పోలే అని చెప్పు. నా కాలికి పడితే పడనియ్. ముసల్దాన్ని, కాలుంటే ఎంత పోతే ఎంత!"

కృపకు ఆ మాటలు చేరలేదు. ఆమె ఇంకా పోయింది పోయింది అంటూనే ఉంది. ఈరమ్మ కొంగుతో ముఖం తుడుచుకుని, లేచి, డాక్టరమ్మ దగ్గరికి నడిచింది.

"తియ్యి బిడ్డా, నీళ్ళు తియ్యి. ఆ పిల్ల నోటితోని చెప్పదు. చెప్పకుంట నేనే చేసిన. నడుమునే అడుగు నువ్వు, అదన్న నిజం చెప్తదేమో."

చైతన్య సంతకం పెట్టాడు. కృపను పక్కకు తిప్పి, మోకాళ్ళు కడుపులోకి ముడిచి పడుకోబెట్టారు. కదలకుండా పట్టుకోవడానికి మనిషి కావాలంటే ఈరమ్మే ముందుకొచ్చి కోడలి మోకాళ్ళను తన పొట్టకు ఆనించుకుంది. తల్లి కడుపులో పిల్ల ఎట్లా ఉంటుందో అట్లా ఉంది కృప. సూది దిగుతుంటే ఈరమ్మ కళ్ళు మూసుకోలేదు. చీమూ నెత్తురూ వస్తాయనుకుంది. అవేం రాలేదు. చిన్న సీసాలోకి చుక్క చుక్కగా నీళ్ళే పడ్డాయి. వేడి టీ ఊదుకుంటూ తాగేంతసేపట్లో పని ముగిసింది. కృప కాళ్ళు ఈరమ్మ చేతుల్లో మెల్లగా కదిలాయి. ఆ కదలిక తెలిశాక గానీ కాంతమ్మ ఊపిరి పీల్చుకోలేదు.

నీళ్ళు నిజమే చెప్పాయి. మెదడు పొరలకు టీబీ అని తేలింది.

"దగ్గే లేదు కద మేడం, టీబీ ఎట్లొస్తది?" అని చైతన్య పరేషానయ్యాడు.

"ఎప్పుడో ఎవరి దగ్గునుంచో ఒంట్లో చేరి ఉంటుంది. ఏళ్ళ తరబడి చప్పుడు చేయకుండా కూర్చుని, తర్వాత నెత్తురులో పడి మెదడుకు పోతుంది. ఊపిరితిత్తులకు రావాలని ఏం లేదు. అందుకే మొదట్లో తెలియదు" అంది డాక్టరమ్మ. "ఇంకొన్నాళ్ళు ఆలస్యమై ఉంటే నా చేతిలో ఏమీ ఉండేది కాదు. ఇప్పుడు మందులు పనిచేస్తాయి. కానీ ఏడాది దాకా వేసుకోవాలి. బాగైంది కదా అని నడుమ ఆపితే మళ్ళీ మొదటికొస్తుంది. ఇంట్లో ఉన్నవాళ్ళందరూ కూడా పరీక్ష చేయించుకోండి."

మందులు వెంటనే ఏమీ మహిమ చూపలేదు. కొన్నాళ్ళు కృప ఎవరినీ గుర్తుపట్టలేదు. వియ్యపురాళ్ళిద్దరూ వంతులేసుకుని మంచం దగ్గర కూర్చున్నారు. తలగడ కింద కాంతమ్మ బైబిలు ఒక పక్క, ఈరమ్మ తెచ్చిన జములమ్మ కుంకుమ పొట్లం ఒక పక్క ఉండేవి. రెండూ ఉంటే ఉన్నాయి గానీ గోలీ మాత్రం వేళ తప్పొద్దని నర్సమ్మ ఇద్దరినీ కలిపి కోప్పడేది. ఒకనాటి పొద్దున కృప కళ్ళు తెరిచి, చుట్టూ చూసి, "పూలు రుద్దిండ్రా?" అని అడిగింది. చైతన్య అక్కడే కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. క్రాసింగ్ అయిపోయి, కాయలు కూడా పగిలి, పత్తి ఏరుతున్న రోజులవి.

ఇంటికొచ్చేసరికి ఆ పిల్ల సగమైంది. కన్ను సరిగ్గా వచ్చింది. నడకలో తూలుడు మాత్రం ఉండిపోయింది, గోడ పట్టుకుని నడిచేది. ఈరమ్మ తెల్లారగానే గోలీలు మింగించి, ఆ తర్వాతే గడప తలుపు తీసేది.

గడప ముందు జనం మామూలుగానే వస్తున్నారు. ఈరమ్మ కాలు లేపడం మానలేదు. మానితే ఆమె ఈరమ్మే కాదు. కానీ పద్ధతి మార్చింది. ముందు కూర్చోబెట్టి గడ్డం ఛాతీకి ఆనించమనేది. జ్వరముందా, వాంతులున్నాయా అని అడిగేది. ఉన్నాయంటే చాప చుట్టేసి, "నాది కాదు ఈ కేసు, దవాఖానకు పో" అని వాకిలి చూపించేది. లేవన్నవాళ్ళను తట్టి, "పోయిందా? పోకుంటే పోలేదని చెప్పు. నా కాలికేం కాదు, నేనే చెప్తున్న" అనేది.

మొదట ఎవరూ నోరు విప్పలేదు. చివరికి పెంటమ్మే తెగించింది. నడుం పట్టుకుని లేచి, అటూ ఇటూ చూసి, "పోలే ఈరక్కా" అంది. అనేసి, ఈరమ్మ కాలి వైపు భయంగా చూసింది. కాలికేం కాలేదు. దాంతో ధైర్యం వచ్చి మొత్తం కక్కేసింది.

"నిజం చెప్పాల్నంటే ముందల గూడ ఎప్పుడు తొందరగ పోలే. ఓపాలి ఆర్నెల్లు నొచ్చింది."

"మరి అప్పుడెందుకు సెప్పలేదే ముండా!" అని ఈరమ్మ మండిపడింది.

"సెప్తే నీ కాలికి పడుతదంటివి గద! మొగుడు లేని మనిషివి, పిల్లగాన్ని సాదుకుంటుంటివి. కాలు పడిపోతే నీకెవరు దిక్కని, మేమందరం పోయిందనే అంటుంటిమి."

మేమందరం! ఈరమ్మ గడప మీద చతికిలబడింది. ఊరి నొప్పులన్నీ తన కాలు మోస్తోందని ఇన్నేళ్ళూ మురిసిపోయింది. ఊరేమో తన నొప్పి తను మోసుకుంటూ, ఆమె కాలిని కాపాడుకుంటూ వచ్చింది. కోపం తెచ్చుకుందామనుకుంది. రాలేదు. నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. పెంటమ్మకు టీ పోసిచ్చి, మధ్యాహ్నం వెంకటన్న ఆటోలో దవాఖానకు తనే తోడుపోయింది.

ఎండలు ముదిరిన ఓ పొద్దున ఈరమ్మ పక్కమీంచి లేవబోయి, ఎడమ మోకాలు పట్టేసి మళ్ళీ కూలబడింది. వయసు నొప్పే. ఇన్నాళ్ళు ఆమె లెక్కచేయని వయసు ఇప్పుడు తన బాకీ అడిగి పుచ్చుకుంటోంది. అలికిడి విని కృప గోడ పట్టుకుంటూ వచ్చింది. ఆ కాలిని చూడగానే ఆ పిల్ల ముఖం తెల్లబోయింది. కింద కూర్చుని, కాలు ఒళ్ళోకి తీసుకుని, నూనె రాసి వత్తడం మొదలుపెట్టింది. ఊరంతా బోర్లా పడుకుని తట్టించుకున్న కాలిని అప్పటిదాకా ఎవరూ చేత్తో పట్టుకోలేదు. ఈరమ్మ కళ్ళు మూతలు పడ్డాయి.

కాసేపయ్యాక కృప అడిగింది. "పోయిందా అత్తమ్మా?"

అలవాటుగా 'పోయింది' అని నోటిదాకా వచ్చింది. ఈరమ్మ ఆ మాటను మింగేసింది.

"పోలే బిడ్డా. ఇంకా ఉంది. వత్తు."

కృప తల వంచుకుని వత్తుతోంది. తల వంచుకుని! గడ్డం ఛాతీకి ఆనుతోంది. ఈరమ్మ ఆ వంగిన మెడనే చూస్తోంది. వత్తుతూ వత్తుతూ ఆ పిల్ల చేతులు ఆగాయి. ఏదో చెప్పాలా వద్దా అని తటపటాయించినట్టు ఒక్క క్షణం ఊరుకుంది. ఆ క్షణం ఈరమ్మకు బాగా తెలుసు. ఆ రోజు చాప మీద కూడా ఆ పిల్ల ఇట్లాగే ఒక్క క్షణం ఆగింది.

"నాకు గూడ పోలే అత్తమ్మా" అంది కృప చిన్నగా. "పొద్దుగాల పొద్దుగాల జర తల నొస్తుంటది. అప్పుడంత కాదు. గని నొస్తుంటది."

"ఎన్నాళ్ళసంది?"

"మొన్నటిసంది."

ఈరమ్మ చేయి చాచి కోడలి తలను దగ్గరికి లాక్కుని నుదురు ముద్దుపెట్టుకుంది. మళ్ళీ ఏదైనా వస్తోందేమో అన్న భయం గుండెలో ఓ పక్క ఉంది. దానికన్నా పెద్దగా, చెప్పలేనంత సంతోషం ఇంకో పక్క ఉంది. ఆ పిల్ల తనకు చెప్పింది. దాచుకోకుండా, తన కాలు ఒళ్ళో ఉండగానే, పోలేదని చెప్పింది.

"చైతూ! వెంకటన్నకు ఫోన్ కొట్టు రా" అని ఈరమ్మ లోపలికి కేకేసింది. "కర్నూలు పోవాలె. నేను, నా కోడలు ఇద్దరం సూపించుకోవాలె. మా ఇద్దరికీ పోలే!"

గడప ముందు తెల్లారకముందే వచ్చి బోర్లా పడుకున్న మనిషి ఎవరో, ఆ మాట విని లేచి కూర్చున్నాడు. ఆటోలో ఇంకో చోటు ఉంటుందా అని అడిగాడు.